తిరుపతి, చిత్తూరుల్లో లాయరును పెట్టుకోవడం ఎలా: వకాలత్ మీద సంతకానికి ముందు, ఆ తర్వాత

"తిరుపతిలో మంచి లాయరు ఎవరైనా ఉంటే చెప్పండి" అని అడిగేవాళ్ళు చాలామంది. దానికి ఒక పేరు చెప్పి పంపేస్తే అడిగినవాళ్ళలో సగం మందికి నష్టమే. బెయిలు చకచకా తెచ్చే లాయరు ఇరవై ఏళ్ళ భాగాల దావా చేతిలోకి రాగానే తడబడవచ్చు. భూమి కేసుల్లో చేయి తిరిగినవాళ్ళు కులం పేరుతో జరిగిన అవమానం కేసును ఎన్నడూ నడిపి ఉండకపోవచ్చు. అందుకే ఇక్కడ పేర్లు ఇవ్వడం లేదు. మీ కేసుకు సరిపోయే మనిషిని మీరే వెతికి, పరీక్షించి, పనిలో పెట్టుకునే పద్ధతి చెబుతున్నాం. ఓపిక పడితే వారం, పది రోజుల్లో అయిపోయే పని.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ వెతుకులాట పెట్టుకోవద్దు. ఇంట్లోవాళ్ళను పోలీసులు తీసుకెళ్ళి ఉంటే వెంటనే 15100కు ఫోన్ చేయండి. అది న్యాయసేవాధికార సంస్థల ఉచిత నంబరు. అరెస్టు చేసిన మనిషిని, ప్రయాణానికి పట్టే సమయం కాక, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. అప్పటికి లాయరు దొరక్కపోతే "మాకు లాయరు లేడు" అని మేజిస్ట్రేటుకే చెప్పమనండి, ప్రభుత్వ ఖర్చుతో ఇస్తారు. సొంత లాయరును నిదానంగా తర్వాత పెట్టుకోవచ్చు.

ముందు సిద్ధం చేసుకోవాల్సినవి

- తేదీల కాగితం. ఏ తేదీన ఏం జరిగింది, ఎవరు చూశారు, దానికి ఏ కాగితం ఉంది. ఒక్క పేజీ దాటకూడదు.
- ఉన్న పత్రాలన్నిటికీ రెండు సెట్ల జిరాక్సులు. భూమి కేసైతే దస్తావేజు, లింకు దస్తావేజులు (పాత యజమానుల నాటివి), ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరం), పాసుపుస్తకం, 1బి, అడంగల్ లాంటి రెవెన్యూ రికార్డులు. పోలీసు కేసైతే ఎఫ్ఐఆర్, ఆసుపత్రి చీటీలు.
- మీకు వచ్చిన నోటీసు లేదా సమన్లు, అవి వచ్చిన కవరుతో సహా. కవరు మీది తపాలా ముద్ర గడువు లెక్కలో పనికొచ్చే ఆధారం. చాలామంది పారేసేది దాన్నే.
- ఎదుటి పక్షంవాళ్ళ పూర్తి పేర్లు, తండ్రి పేర్లు, చిరునామాలు.
- ఒక రూళ్ళ నోటుపుస్తకం. ఎందుకో 8వ మెట్టులో చెబుతాం.

అసలు పత్రాలు మొదటి రోజు తీసుకెళ్ళొద్దు. చూపించాల్సి వస్తే చూపించి వెంట తెచ్చుకోండి.

నగరి, పుత్తూరు, సత్యవేడు, కుప్పం వైపువాళ్ళకు ఒక మాట. మీ పాత దస్తావేజులు తమిళంలో ఉండే అవకాశం ఎక్కువ. 1960లో సరిహద్దులు మారినప్పుడు తిరుత్తణి అటు పోయి, సత్యవేడు వైపు ఊళ్ళు ఇటు వచ్చాయి. అలాంటి కాగితం ఉంటే దాన్ని చదవగలిగే లాయరునో, అనువాదం చేయించి దాఖలు చేసిన అనుభవం ఉన్నవాళ్ళనో చూసుకోండి. అనువాదంలో ఒక సర్వే నంబరు తప్పు పడితే కేసే వేరే భూమి మీదకు పోతుంది.

1. మీ కేసు ఏ కోర్టుకు పోతుందో ముందు తేల్చుకోండి

లాయరును కోర్టును బట్టి వెతకాలి. ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడ జరిగే పొరపాటు వల్లే.

భూమి హద్దులు, భాగాలు, అగ్రిమెంటు, బాకీ గొడవలు సివిల్ కోర్టుకు పోతాయి. ఆస్తి ఎక్కడుందో ఆ పరిధి కోర్టులో దావా వేయాలి. మీరు తిరుపతిలో ఉంటున్నా పొలం పలమనేరు దగ్గరుంటే, పలమనేరు కోర్టుకు రోజూ వెళ్ళే లాయరే మీకు మేలు. ప్రతి వాయిదాకూ తిరుపతి నుంచి కారు ఖర్చు మీరు పెట్టుకోనక్కర్లేదు.

దేవస్థానం, మఠం, ఇనాం భూముల పేరు వినబడితే ఆగండి. దేవాదాయ చట్టం కిందికొచ్చే వివాదాలు చాలావరకు ఎండోమెంట్స్ ట్రిబ్యునల్‌కు పోతాయి. వాటిని సివిల్ కోర్టులో వేస్తే విచారణ పరిధి లేదని కొట్టేసే ప్రమాదం ఉంది. తిరుపతి చుట్టుపక్కల ఇది పుస్తకాల్లో సమస్య కాదు, ప్లాటు కొన్న మామూలు కుటుంబాల సమస్య. "ఎండోమెంట్ కేసులు చేశారా?" అని సూటిగా అడగండి.

ప్రభుత్వం, మున్సిపల్ కార్పొరేషన్, దేవస్థానం లాంటి సంస్థ మీ హక్కును కాలరాస్తే రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ (ఆ సంస్థకు ఆదేశం ఇవ్వమని కోరే అర్జీ) వేయాలి. దానికి అమరావతిలోని హైకోర్టుకే వెళ్ళాలి. ఉద్యోగుల సర్వీసు గొడవలు కూడా ఎక్కువగా అక్కడికే. రైల్వే ఉద్యోగులవి మాత్రం సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కు పోతాయి. స్థానిక లాయరు కాగితాలు సిద్ధం చేసి, హైకోర్టులో వాదించే మరొకరికి అప్పగిస్తారు. ఆ రెండో లాయరు ఎవరు, ఆయన ఫీజు ఎవరిస్తారు అన్నది మొదటి రోజే అడగాలి.

వినియోగదారుల కమిషన్‌లో లాయరు లేకుండా మీరే ఫిర్యాదు వేసి వాదించుకోవచ్చు. చిన్న మొత్తాలకు అదే మేలు.

2. పౌర హక్కుల కేసా? ఈ విషయాలు తెలుసుకుని వెళ్ళండి

అంటరానితనం పాటించడం 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం కింద నేరం. ఎస్సీ, ఎస్టీల మీద దాడి, కులం పేరుతో దూషణ, భూమి లాక్కోవడం లాంటివి 1989 నాటి అట్రాసిటీ చట్టం కిందికి వస్తాయి. ఈ రెండో చట్టం కింద ఎఫ్ఐఆర్ కట్టడానికి ముందస్తు విచారణ అక్కర్లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే చేయాలి. అరవై రోజుల్లో చార్జిషీటు వేయాలి. నిందితుడి బెయిలు విచారణలో బాధితుల మాట కూడా కోర్టు వినాలి.

లాయరుతో మాట్లాడేటప్పుడు ఈ నాలుగూ మెల్లగా అడిగి చూడండి. ఆ చట్టంలో పనిచేసినవాళ్ళు తడుముకోకుండా చెబుతారు. "ముందు రాజీ మాట్లాడదాం" అన్నది మొదటి మాటే అయితే ఇంకొకరిని చూడండి. ఇలాంటి కేసులో బాధితులు ఇప్పటికే ఊళ్ళో ఒత్తిడి మోస్తుంటారు. లాయరు ఆఫీసులో కూడా అదే ఒత్తిడి పడితే వాళ్ళు ఎక్కడికి పోతారు?

పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టకపోతే ఒక వరుస ఉంది. ఫిర్యాదును రాతపూర్వకంగా ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపాలి. అక్కడా పని జరక్కపోతే అఫిడవిట్‌తో (ప్రమాణపత్రంతో) మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అవి 173(4), 175(3) సెక్షన్లు. ఎస్పీకి పంపిన రసీదు లేకుండా నేరుగా మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్తే అర్జీ వెనక్కు రావచ్చు. ఎఫ్ఐఆర్ కట్టాక దాని నకలు ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

ప్రభుత్వ శాఖ మీద సివిల్ దావా వేయాలంటే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో ముందే వేయవచ్చు. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ ఈ నోటీసుకు బదులు కాదు. ఆ అర్జీ రసీదు సాక్ష్యంగా పనికొస్తుంది, కానీ కోర్టు గడువును మాత్రం ఆపదు. "కలెక్టరు గారికి ఇచ్చాం కదా" అని కూర్చుని గడువు దాటబెట్టుకున్న కుటుంబాలు తక్కువేమీ కాదు.

3. ముగ్గురి పేర్లు రాసుకోండి

బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు. కాబట్టి గోడల మీద, ఫోన్‌లో కనబడే "నంబర్ వన్ అడ్వకేట్" మాటలను నమ్మొద్దు. కోర్టు గేటు దగ్గర చేయి పట్టుకుని ఎవరి ఆఫీసుకో తీసుకెళ్ళే మధ్యవర్తులను అసలే నమ్మొద్దు. వాళ్ళకిచ్చే వాటా మీ ఫీజులోంచే పోతుంది.

మీలాంటి కేసే నడిపినవాళ్ళను అడగండి. దస్తావేజు రాసేవాళ్ళకు, మీ మండలంలో రిటైరైన రెవెన్యూ ఉద్యోగులకు భూమి లాయర్లు బాగా తెలుస్తారు. ఇంకో దారి ఈ-కోర్ట్స్ యాప్. అందులో లాయరు పేరుతో వెతికితే ఆ కోర్టులో వాళ్ళ కేసులు కనబడతాయి. ఓఎస్ అంటే సివిల్ దావా, ఈపీ అంటే డిక్రీ (సివిల్ కోర్టు తీర్పు) అమలు, సీసీ అంటే మేజిస్ట్రేటు కోర్టు క్రిమినల్ కేసు, ఎంవీఓపీ అంటే రోడ్డు ప్రమాద పరిహారం. లాయరు పేరు కింద సీసీలే వరసగా ఉంటే మీ భాగాల దావాకు మరొకరిని చూడటం మంచిది.

4. కోర్టు హాల్లో ఒక పూట కూర్చోండి

దీన్ని దాదాపు ఎవరూ చేయరు, ఖర్చు మాత్రం పైసా లేదు. ఉదయం పదిన్నరకల్లా వెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి. ఫోన్ ఆపేయండి. ఆ రోజు కేసుల జాబితాలో మీరు చూడదలచిన లాయరు కేసు ఎన్నోదో ముందే చూసుకోండి.

కేసు పిలిచినప్పుడు ఆయన లేచి నిలబడ్డారా, జూనియర్ పరిగెత్తుకొచ్చి టైమ్ అడిగారా? జడ్జి ప్రశ్న అడిగితే ఫైలు తెరవకుండా తేదీ చెప్పగలిగారా, ఫైలు ఇంకా కట్ట విప్పకుండానే ఉందా? జూనియర్ రావడం తప్పు కాదు. వచ్చిన జూనియర్‌కు కేసు తెలుసా లేదా అన్నది చూడండి. ఒక పూటలో నాలుగు కేసులకు వరసగా వాయిదా అడిగినవాళ్ళు మీ కేసుకూ అదే అడుగుతారు.

5. మొదటిసారి కలిసినప్పుడు

తేదీల కాగితం చేతికిచ్చి, చదివేదాకా మౌనంగా ఉండండి. ఆ తర్వాత ఈ ప్రశ్నలు అడగండి. సార్ ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు. మంచి లాయర్లు వీటికి నొచ్చుకోరు.

- ఎదుటివాళ్ళకు మీరుగానీ మీ ఆఫీసుగానీ ఎప్పుడైనా పనిచేశారా? ఆ శాఖకు, ఆ బ్యాంకుకు స్టాండింగ్ కౌన్సిల్‌గా (వాళ్ళ కేసులన్నీ చూసే లాయరుగా) ఉన్నారా? తిరుపతి లాంటి ఊళ్ళో ఇది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.
- ఈ కేసుకు గడువు ఏ రోజుతో అయిపోతుంది?
- మాకు బలం ఎక్కడ, బలహీనత ఎక్కడ?
- వాయిదాకు మీరే వస్తారా, ఎవరు వస్తారు?
- మీ ఎన్‌రోల్‌మెంట్ నంబరు ఎంత? అందులో రాష్ట్రం, సంఖ్య, సంవత్సరం ఉంటాయి. అనుమానముంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో ఆరా తీయవచ్చు.

గడువు ప్రశ్నకు వచ్చే జవాబును ఈ లెక్కతో పోల్చి చూడండి. బాకీ, అగ్రిమెంటు అమలు దావాలకు మామూలుగా 3 ఏళ్ళు. వినియోగదారుల ఫిర్యాదుకు 2 ఏళ్ళు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు 1 ఏడాది. రోడ్డు ప్రమాద పరిహారం 6 నెలల్లోపు వేయడం క్షేమం. చెక్కు బౌన్సయితే బ్యాంకు నుంచి కబురు అందిన 30 రోజుల్లో నోటీసు, అది అందాక చెల్లింపుకు 15 రోజులు, ఆ తర్వాత నెల లోపు కేసు. మీ మీదే దావా పడి ఉంటే సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు వేయాలి. కోర్టు మామూలుగా 90 రోజుల దాకానే పొడిగిస్తుంది.

"గ్యారంటీగా గెలుస్తాం" అన్నవాళ్ళకు, "జడ్జి గారు మనవాళ్ళే" అన్నవాళ్ళకు నమస్కారం పెట్టి లేచి వచ్చేయండి. రెండో మాట అన్నవాళ్ళ దగ్గరకు మళ్ళీ పోవద్దు.

6. ఫీజు కాగితం మీద తేల్చుకోండి

"చూసి ఇవ్వండి" అన్న మాట దగ్గర ఆగిపోవద్దు. తర్వాతి గొడవలన్నీ అక్కడే పుడతాయి. ఫీజును దశలవారీగా విడగొట్టమని అడగండి: నోటీసుకు ఇంత, దావా రాసి వేయడానికి ఇంత, ఇంజంక్షన్ (ఎదుటివాళ్ళను ఆపే ఉత్తర్వు) అర్జీకి ఇంత, సాక్ష్యాలప్పుడు ఇంత, వాదనలప్పుడు ఇంత. వాయిదాకింత అనే పద్ధతి పెద్ద సివిల్ కేసుకు మీకు నష్టం, ఎందుకంటే ఎన్ని వాయిదాలు పడతాయో ఎవరి చేతిలోనూ ఉండదు.

ఫీజు వేరు, ఖర్చులు వేరు. కోర్టు ఫీజు, బత్తా (సమన్లు పంపడానికి కట్టేది), అడ్వకేట్ కమిషనర్ (స్థలం చూసి రావడానికి కోర్టు పంపే లాయరు) ఫీజు, టైపింగు, సర్టిఫైడ్ కాపీలు (కోర్టు ధ్రువీకరించిన నకళ్ళు), గుమాస్తాకిచ్చేది అన్నీ విడిగా రాయించండి. డబ్బు యూపీఐలోనో చెక్కుగానో ఇవ్వండి. నగదు ఇస్తే చీటీ మీద అయినా సంతకం తీసుకోండి.

గెలిస్తే భూమిలో వాటా, పరిహారంలో శాతం అనే ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు నిషేధించాయి. రోడ్డు ప్రమాద కేసుల్లో ఈ బేరం ఎక్కువగా వినబడుతుంది. ఒప్పుకోవద్దు.

డబ్బు లేదా? మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, కస్టడీలో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు వస్తారు. మిగతావాళ్ళకు ఏడాది ఆదాయం రూ. 3 లక్షల లోపు ఉంటే చాలు. చిత్తూరు కోర్టులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థలో గానీ, తిరుపతి కోర్టులోని మండల న్యాయసేవా కమిటీలో గానీ తెల్లకాగితం మీద అర్జీ ఇవ్వండి. ఉచితం కదా అని నాసిరకం అనుకోవద్దు. ఇచ్చిన లాయరు పట్టించుకోకపోతే మార్చమని అక్కడే అడగవచ్చు.

7. వకాలత్ మీద సంతకం

వకాలత్ అంటే మీ తరఫున కేసు నడిపే అధికారం లాయరుకు ఇచ్చే, అచ్చువేసిన ఒక కాగితం. పైన కోర్టు పేరు, నంబరు కోసం ఖాళీ, మధ్యలో ఇరుపక్షాల పేర్లు, కింద చిన్న అక్షరాల్లో అధికారాల జాబితా ఉంటాయి. కేసుకు ఇంకా నంబరు రాకపోతే ఆ ఖాళీ ఉండటం సహజం. పార్టీల పేర్లు, లాయరు పేరు మాత్రం నిండి ఉండాలి. చిన్న అక్షరాలు చదివించుకోండి. రాజీ పడటానికి, కోర్టులో జమైన డబ్బు తీసుకోవడానికి అధికారం తరచుగా అందులోనే ఉంటుంది. ఆ అధికారం ఇవ్వడం ఇష్టం లేకపోతే ఆ మాటలు కొట్టేయించి, పక్కన పొట్టి సంతకం పెట్టండి. సంతకం చేశాక ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఖాళీ తెల్లకాగితాల మీద, ఖాళీ స్టాంపు పేపర్ల మీద సంతకం పెట్టొద్దు. "అర్జెంటుగా అఫిడవిట్ వేయాల్సి వస్తే పనికొస్తాయి" అంటారు. అఫిడవిట్ అంటే మీరు ప్రమాణం చేసి చెప్పే మాట. అందులో ఏముందో తెలియకుండా వేస్తే రేపు క్రాస్‌లో, అంటే ఎదుటి లాయరు ప్రశ్నలకు, సమాధానం చెప్పాల్సింది మీరే.

అసలు పత్రాలు ఇవ్వాల్సి వస్తే జాబితా రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద "ముట్టినవి" అని సంతకం, తేదీ తీసుకోండి.

దావా ఇంగ్లీషులో ఉంటే దాఖలుకు ముందే తెలుగులో చదివి చెప్పమనండి. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, తేదీలు వేలు పెట్టి సరిచూడండి. ఎదుటివాళ్ళే ముందు కోర్టుకెళ్ళి మీకు తెలియకుండా ఇంజంక్షన్ తెస్తారన్న అనుమానం ఉంటే కేవియట్ (మా మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే అర్జీ) వేయించండి, అది 90 రోజులు పనిచేస్తుంది.

8. కేసు నడుస్తోందా? మీరే చూసుకోండి

కేసుకు నంబరు పడగానే 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు అడిగి నోటుపుస్తకం మొదటి పేజీలో రాయండి. ఈ-కోర్ట్స్ యాప్‌లో అది కొడితే గత వాయిదాలో ఏం జరిగింది, తర్వాతి వాయిదా ఎప్పుడు, కేసు ఏ దశలో ఉంది అన్నీ కనబడతాయి. ప్రతి వాయిదా సాయంత్రం చూసి ఒక్క వాక్యం రాసుకోండి. గుమాస్తా ఫోన్‌లో చెప్పిన తేదీ, యాప్‌లో తేదీ వేరుగా ఉంటే మర్నాడే ఆఫీసుకు వెళ్ళండి.

యాప్‌లో ఎక్స్‌పార్టీ (మీరు రాలేదని మీ మాట వినకుండానే కేసు నడపడం) అన్న మాట మీ పక్షాన కనబడితే ఒక్క రోజు కూడా ఆగొద్దు. ఎక్స్‌పార్టీ డిక్రీ రద్దుకు గడువు 30 రోజులే.

తరచూ జరిగే తప్పు ఇంకొకటి ఉంది. లాయరుకు వకాలత్ ఇచ్చేశాం కదా అని సాక్షులతో మాట్లాడకపోవడం, ఫోన్ నంబరు మార్చి చెప్పకపోవడం. ట్రయల్ రోజు సాక్షి రాకపోతే అది లాయరు తప్పు కాదు.

9. లాయరును మార్చాల్సి వస్తే

రెండు మూడు వాయిదాలు ఎవరూ రాకపోతే, అడిగినా ఫైలు చూపించకపోతే మార్చుకునే హక్కు మీకుంది. ముందు బాకీ లెక్క తేల్చి, అభ్యంతరం లేదని రాసివ్వమని మర్యాదగా అడగండి. చాలా కేసుల్లో అక్కడే అయిపోతుంది. ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో లేఖ పంపి, కొత్త లాయరు ద్వారా కోర్టు అనుమతి అడగవచ్చు. ఫీజు బాకీ ఉందని మీ ఫైలును ఆపిపెట్టుకునే హక్కు లాయరుకు లేదని సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది.

మోసం, డబ్బు కాజేయడం లాంటివి జరిగితే అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే పని జరగదు. లాయర్ల సేవ ఆ చట్టం కిందికి రాదని 2024 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కేసు ఓడిపోవడం ఒక్కటే ఫిర్యాదుకు కారణం కాదు.

10. తీర్పు వచ్చిన రోజు

గెలిచినా ఓడినా ఆ రోజే సర్టిఫైడ్ కాపీకి అర్జీ వేయించండి. సివిల్ కేసులో అప్పీలుకు జిల్లా కోర్టుకైతే 30 రోజులు, హైకోర్టుకైతే 90 రోజులు. కాపీ తయారవడానికి కోర్టు తీసుకున్న రోజులు ఈ లెక్కలోంచి పోతాయి, మీరు అర్జీ వేయకుండా కూర్చున్న రోజులు మాత్రం పోవు. కాపీ చేతికొచ్చాక దాని మీద అర్జీ వేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ ఉన్నాయో లేదో చూసి తీసుకోండి. అప్పీలు గడువు లెక్కగట్టేది వాటినిబట్టే. అదే రోజు లాయరు ఆఫీసులో 7వ మెట్టులో రాసుకున్న జాబితా తీసి, మీ అసలు పత్రాలు ఏవి ఆఫీసులో ఉన్నాయి, ఏవి కోర్టు రికార్డులో ఉన్నాయి ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకోండి. కోర్టులో ఉన్నవాటిని వెనక్కి తీసుకోవడానికి విడిగా అర్జీ వేయాలి.